కంప్యూటర్‌లో కీబోర్డు పేరు కనిపిస్తోంది, ట్రాక్ మాత్రం ఖాళీ: ఒక మిడి రికార్డింగ్ కేస్ స్టడీ

ఈ కేసు సొంతంగా బాణీలు కట్టే ఒక కీబోర్డు వాద్యకారిణిది. ఏళ్ల తరబడి వేదికల మీద వాయించిన చెయ్యి. 61 కీల అరేంజర్ కీబోర్డు (లయ, తోడు వాయిద్యాలను తానే వాయించగలది), తొక్కితే నోటు మోగుతూనే ఉండేలా చేసే సస్టెయిన్ పెడల్, విండోస్ లాప్‌టాప్, అందులో ఒక రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, ఇంతే సరంజామా. ఆవిడ కోరిక కూడా పెద్దదేమీ కాదు. బాణీ తట్టినప్పుడే వాయించి కంప్యూటర్‌లో మిడిగా, అంటే శబ్దంగా కాకుండా ఏ నోటు ఎప్పుడు ఎలా నొక్కారన్న సందేశాలుగా, దాచుకోవాలి. తర్వాత తీరిగ్గా కూర్చుని నోట్లు సరిచేసుకోవాలి, వాయిద్యాలు మార్చి చూసుకోవాలి.

నన్ను పిలిచినప్పుడు ఆవిడ చెప్పింది ఇది: "లాప్‌టాప్‌లో కీబోర్డు పేరు కనిపిస్తోందండీ. ట్రాక్‌లో మాత్రం ఏమీ పడట్లేదు. ఒక్కోసారి పడినా ప్రతి నోటూ రెండుసార్లు మోగుతోంది. నేను నొక్కడానికీ అది పలకడానికీ మధ్య ఆలస్యం. ఈ టెన్షన్‌లో బాణీ ఎక్కడ గుర్తుంటుంది?"

అప్పటికే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశారు. డ్రైవర్లు మార్చారు. కేబుల్ మార్చారు. సెట్టింగులన్నీ తిరగేశారు. ఒకేసారి ఇన్ని మారిస్తే ఏది బాగుపడిందో, ఏది కొత్తగా పాడైందో తెలుసుకునే దారే ఉండదు. అందుకే ముందు ఒక ఒప్పందానికి వచ్చాం: ఇక మీదట ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిదీ కాగితం మీద రాయాలి. ఆవిడ చెప్పిన మూడు ఇబ్బందులూ ఒకే జబ్బులా కనిపిస్తున్నా, వాటి వెనకున్న కారణాలు వేరువేరు. వాటిని విడదీయడమే ఈ కేసులో అసలు పని.

తీగలో వెళ్లేది ఏమిటి

కీ నొక్కినప్పుడు ఈ కీబోర్డు యూఎస్‌బి తీగలో పియానో శబ్దం వెళ్లదు. చిన్న సందేశం వెళ్తుంది. అందులో ఉండేవి మూడు విషయాలు: ఏ చానెల్‌లో నోటు మొదలైంది, అది ఏ నోటు, కీని ఎంత వేగంగా నొక్కారు. మధ్య స్థాయి 'సి' నోటుకు అంకె 60. నొక్కిన వేగాన్ని వెలాసిటీ అంటారు, అది 1 నుంచి 127 దాకా ఉంటుంది. వేలు తీయగానే నోటు ఆగిందని ఇంకో సందేశం. పెడల్ నొక్కితే కంట్రోలర్ 64 పేరుతో ఒక సందేశం, పక్కనున్న వీల్ తిప్పితే స్వరాన్ని వంచే పిచ్ బెండ్ సందేశాలు. ఇవన్నీ 16 చానెళ్లలో ఏదో ఒకదాని మీద వెళ్తాయి. వాటిని అందుకుని శబ్దం పుట్టించే పని కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ వాయిద్యం చేయవచ్చు, లేదా అదే కీబోర్డులోని సౌండ్ ఇంజిన్ చేయవచ్చు.

ఈ విషయం మనసుకు పట్టగానే మొదటి చిక్కు సగం విడిపోయింది. ఆవిడ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో ట్రాక్ తెరిచి, ఇన్‌పుట్‌ల వరసలో మైకు పేరు దగ్గర కీబోర్డు పేరు కోసం వెతుకుతున్నారు. అది అక్కడ ఉండదు. మిడి ట్రాక్ గానీ, సాఫ్ట్‌వేర్ వాయిద్యం ఉన్న ఇన్‌స్ట్రుమెంట్ ట్రాక్ గానీ తెరిస్తేనే కీబోర్డు పేరు ఇన్‌పుట్‌గా కనిపిస్తుంది. కొన్ని కీబోర్డులు అదే తీగలో ఆడియోను కూడా పంపుతాయి, కానీ ఈ కీబోర్డు మాన్యువల్‌లో మిడి గురించి తప్ప యూఎస్‌బి ఆడియో మాటే లేదు. కొత్తగా కలుపుకునేవాళ్లు తమ మాన్యువల్‌లో మొదట చూసుకోవాల్సింది ఇదేనని నా నమ్మకం.

ముందు తీగ, తర్వాత మానిటర్

కీబోర్డు వెనక ఉన్నది చదరంగా కనిపించే టైప్-బి పోర్టు, ప్రింటర్లకు ఉండేలాంటిదే. పక్కన 'యూఎస్‌బి టు హోస్ట్' అని రాసి ఉంది. దాని దగ్గర్లోనే పెన్‌డ్రైవ్ పెట్టుకునే ఇంకో పోర్టు ఉంది, దానికీ కంప్యూటర్‌కూ సంబంధం లేదు. తీగ 3 మీటర్ల లోపే ఉంది, బాగానే ఉంది. మధ్యలో ఉన్న హబ్‌ను తీసేసి నేరుగా లాప్‌టాప్‌కే కలిపాం. కీబోర్డు యూఎస్‌బి మిడి క్లాస్ అనే ఉమ్మడి పద్ధతికి కట్టుబడినది కాబట్టి ప్రత్యేకమైన డ్రైవర్ అవసరం పడలేదు. విండోస్ తనంతట తాను గుర్తించింది.

ఇక్కడ చాలామంది నేరుగా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. నేను తెరవను. వచ్చే సందేశాలను ఉన్నవి ఉన్నట్టు చూపించే మానిటర్ ప్రోగ్రామ్‌ను మొదట తెరుస్తాను. విండోస్‌లో మిడి-ఆక్స్ ఆ పని చేస్తుంది, మ్యాక్‌లో మిడి మానిటర్ ఉంది. కీ నొక్కితే ఇందులో వరస పడిందా, కీబోర్డూ తీగా పోర్టూ బాగున్నట్టే. ఇక వెతకాల్సింది సాఫ్ట్‌వేర్‌లో. వరస పడకపోతే సాఫ్ట్‌వేర్ సెట్టింగులు ఎన్ని మార్చినా ప్రయోజనం లేదు. గంటలు తినే వెతుకులాటను నిమిషాలకు తెచ్చే పరీక్ష ఇది.

ఈ కేసులో మానిటర్ అసలు పోర్టునే తెరవలేకపోయింది. వేరే ప్రోగ్రామ్ వాడుతోందన్న అర్థం వచ్చే సందేశం చూపించింది. 'ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి పడదు' అన్న మాటకు జవాబు ఇక్కడే దొరికింది. విండోస్‌లోని పాత పద్ధతి మిడి డ్రైవర్లలో ఒక పోర్టును ఒక సమయంలో ఒక్క ప్రోగ్రామే పట్టుకోగలదు. ఆవిడ బ్రౌజర్‌లో పియానో సాధన పేజీ ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దానికి ఎప్పుడో మిడి అనుమతి ఇచ్చారు. బ్రౌజర్ ముందు తెరిచిన రోజున కీబోర్డు దాని చేతిలో పడుతోంది, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ముందు తెరిచిన రోజున దీని చేతిలో పడుతోంది. ఆ ట్యాబ్ మూయగానే మానిటర్ తెరుచుకుంది. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ఒకే పోర్టును అనేక ప్రోగ్రాములు పంచుకోగలవు కాబట్టి అక్కడ ఈ తంటా సాధారణంగా రాదు.

మానిటర్‌లో ముందు కనిపించింది నోట్లు కాదు, ఆగకుండా పరిగెత్తే వరసలు. ఆవిడ కంగారుపడ్డారు. అందులో తప్పేమీ లేదు. 254 అంకెతో వచ్చేవి యాక్టివ్ సెన్సింగ్ సందేశాలు: 'నేను ఇంకా కలిసే ఉన్నాను' అని కీబోర్డు 300 మిల్లీసెకన్లకు మించని వ్యవధిలో మళ్లీ మళ్లీ చెబుతూ ఉంటుంది. 248 అంకెతో వచ్చేవి టెంపో క్లాక్ సందేశాలు, క్వార్టర్ నోటుకు 24 చొప్పున. టెంపో నిమిషానికి 120 క్వార్టర్ నోట్ల దగ్గర ఉంటే సెకనుకు 48 వరసలన్నమాట. మానిటర్‌లో ఈ రెండింటినీ కనిపించకుండా వడకట్టాక తెర శుభ్రపడింది.

అప్పుడు ఒక్క కీ నొక్కమన్నాను. రెండు నోట్లు వచ్చాయి. రెండింటి అంకే 60, వెలాసిటీ కూడా ఒకటే. చానెళ్లు మాత్రం 1, 2.

రెండుసార్లు మోగడానికి రెండు కారణాలు

ఈ కేసులో నేను ఎక్కువ సేపు ఆగింది ఇక్కడే. 'డబుల్‌గా వినిపిస్తోంది' అన్నది ఒకే ఫిర్యాదు. దానికి కారణాలు మాత్రం ఒకటికి మించి ఉండవచ్చు, అవి ఒకేసారి పనిచేస్తూ ఉండవచ్చు. ఒకదాన్ని సరిచేసినా ఇంకోటి మిగిలి ఉండటంతో 'ఇది కాదేమో' అని మనిషి వెనక్కి వెళ్లిపోతాడు.

మొదటి కారణం మానిటర్‌లోనే బయటపడింది. ఆవిడ వేదిక మీద పియానో మీద స్ట్రింగ్స్ పొర కలిపి వాయిస్తారు. ఆ డ్యూయల్ వాయిస్ (రెండు వాయిద్యాల శబ్దాలు కలిసి పలకడం) ఆన్‌లో ఉన్నంతసేపూ కీబోర్డు ప్రతి నోటునూ రెండు చానెళ్ల మీద పంపుతోంది: ప్రధాన వాయిస్ 1లో, రెండో వాయిస్ 2లో. కీబోర్డును స్ప్లిట్ చేసి ఎడమ చేతికి వేరే వాయిస్ పెడితే అది 3లో వస్తోంది. ఏ వాయిస్ ఏ చానెల్ మీద వెళ్తుందన్నది కీబోర్డు కీబోర్డుకూ మారుతుంది, కాబట్టి ఎవరి కీబోర్డును వాళ్లు మానిటర్‌లో చూసుకోవడమే నయం. ఆవిడ ట్రాక్ ఇన్‌పుట్ అన్ని చానెళ్లనూ తీసుకునేలా ఉంది. దాంతో ప్రతి నోటూ ఒకే ట్రాక్‌లో రెండుసార్లు ఒకదాని మీద ఒకటి పడింది. ఎడిటర్ తెర మీద అవి ఒకే గీతలా కనిపిస్తాయి, కంటికి తెలియదు. చెవికి మాత్రం శబ్దం మరీ గట్టిగా, కాస్త గొట్టంలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ఒక నోటును మౌస్‌తో పక్కకు జరిపి చూపించాను. కింద ఇంకోటి అలాగే ఉంది.

రెండో కారణం శబ్దం వచ్చే చోట ఉంది. కీ నొక్కితే కీబోర్డు తన స్పీకర్లలో పలుకుతుంది. అదే సందేశం కంప్యూటర్‌కు వెళ్లి అక్కడి సాఫ్ట్‌వేర్ పియానో కూడా పలుకుతుంది, కాస్త ఆలస్యంగా. రెండూ కలిస్తే ప్రతిధ్వనిలా ఉంటుంది. దీన్ని మొదటిదాని నుంచి విడదీసే పరీక్ష తేలిక: కీబోర్డు వాల్యూమ్ పూర్తిగా తగ్గించాలి. డబుల్ పోతే కారణం ఇదే. పోకపోతే సందేశాలే రెండు వస్తున్నాయి. ఆవిడ విషయంలో వాల్యూమ్ తగ్గిస్తే ప్రతిధ్వని పోయింది, గొట్టం శబ్దం మిగిలింది. డ్యూయల్ వాయిస్ తీసేస్తే అదీ పోయింది. రెండు కారణాలున్నాయని అలా రుజువైంది.

మూడో కారణం కూడా ఉండవచ్చు, అందుకే చూశాను. సాఫ్ట్‌వేర్ ట్రాక్ అవుట్‌పుట్‌ను తిరిగి కీబోర్డుకే పంపేలా పెడితే, కీబోర్డు తాను పంపిన నోటును తానే అందుకుని మళ్లీ పలుకుతుంది. ఒక్కో నోటుకు రెండేసి స్వరాలు ఖర్చవుతాయి కాబట్టి కీబోర్డు పాలిఫనీ, అంటే ఒకేసారి పలకగల స్వరాల సంఖ్య, సగానికి పడిపోతుంది, పెద్ద కార్డులు (ఒకేసారి నొక్కే నోట్ల గుంపులు) వాయిస్తే పాత నోట్లు మధ్యలోనే తెగుతాయి. ఆవిడకు అప్పటికి ఈ ఇబ్బంది లేదు, కానీ తర్వాత కీబోర్డు సొంత వాయిస్‌లతోనే ప్లేబ్యాక్ వినాలన్నారు కాబట్టి వచ్చేదే. దానికి మందు లోకల్ కంట్రోల్ ఆఫ్ చేయడం. కీలకూ కీబోర్డు సౌండ్ ఇంజిన్‌కూ మధ్య ఉన్న లోపలి దారిని అది తెంపుతుంది. నోటు కంప్యూటర్‌కు వెళ్లి తిరిగి వచ్చాకే పలుకుతుంది.

వేదిక మీద వాయించేవాళ్లకు లోకల్ ఆఫ్ అలవాటు చేయడం నాకు ఇష్టం ఉండదు. కొన్ని కీబోర్డులు స్విచ్ ఆపి వేస్తే దాన్ని తిరిగి ఆన్ చేసుకుంటాయి, కొన్ని సేవ్ చేసిన సెటప్‌తో పాటు గుర్తుపెట్టుకుంటాయి. కార్యక్రమానికి ముందు కీబోర్డు తెరిస్తే కీలు మూగగా ఉండే పరిస్థితి ఎవరికీ రాకూడదు. అందుకే సాఫ్ట్‌వేర్ వాయిద్యంతో రికార్డ్ చేసేటప్పుడు కీబోర్డు వాల్యూమ్ సున్నా, అంతే. లోకల్ ఆఫ్‌ను కీబోర్డు వాయిస్‌లతో ప్లేబ్యాక్ చేసే పనికే కేటాయించాం. ఆ సెటప్‌కు వేరే రిజిస్ట్రేషన్ బటన్ (దాచుకున్న సెట్టింగులను ఒక్క నొక్కుతో తెచ్చేది) పెట్టి, వేదిక మీద వాడే బటన్ల గుంపుకు దూరంగా సేవ్ చేశాం.

రికార్డింగ్ కోసం ఇంకో రిజిస్ట్రేషన్ చేశాం: ఒక్క వాయిస్, డ్యూయల్ లేదు, స్ప్లిట్ లేదు, స్టైల్ (కీబోర్డు తానే వాయించే లయ, తోడు వాయిద్యాలు) ఆగి ఉంటుంది, ట్రాన్స్‌పోజ్ (మొత్తం శ్రుతిని పైకో కిందికో జరపడం) సున్నా. చివరిది ముఖ్యం. ఆవిడ గాయకుల శ్రుతిని బట్టి ట్రాన్స్‌పోజ్ బటన్ వాడతారు. ఆ కీబోర్డు ట్రాన్స్‌పోజ్ చేసిన నోటునే బయటికి పంపుతోందని మానిటర్‌లో తేలింది. వేలు పెట్టిన నోటు ఒకటి, ట్రాక్‌లో పడే నోటు ఇంకోటి అయితే తర్వాత దిద్దేటప్పుడు తల తిరుగుతుంది. శ్రుతి మార్పు సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఇదే సందర్భంలో ఇంకో గందరగోళం కూడా తీరింది: 60 అంకె నోటును కొన్ని సాఫ్ట్‌వేర్లు సి3 అంటాయి, కొన్ని సి4 అంటాయి. స్థాయి మారిపోయిందని ఆవిడ అనుకున్నారు. అంకె చూస్తే మారలేదు.

ఆలస్యం ఎక్కడ పుడుతోంది

ఆలస్యానికి కారణం యూఎస్‌బి తీగ అని ఆవిడ అనుమానం. సందేశం వెళ్లడానికి పట్టే కాలం చాలా తక్కువ. 1983లో వచ్చిన మొదటి మిడి ప్రమాణంలో ఐదు పిన్నుల తీగ వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక బైటుకు 10 బిట్లు, అంటే 320 మైక్రోసెకన్లు. మూడు బైట్ల నోటు సందేశానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. యూఎస్‌బి దానికంటే చాలా వేగమైనది. ఆలస్యం పుట్టేది సందేశం శబ్దంగా మారే చోట.

కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలుగా తయారుచేసి పంపుతుంది. ఆ ముక్క పరిమాణమే బఫర్. ఆవిడ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ 1024 శాంపిళ్లు (శబ్దపు అతి చిన్న తునకలు), రేటు సెకనుకు 44,100. ఒక్క బఫర్‌కే 23 మిల్లీసెకన్లు. దాని మీద విండోస్ మామూలు ఆడియో డ్రైవర్ పెట్టే అదనపు ఆలస్యం. అన్నిటికీ మించి, ఆవిడ వింటున్నది బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో. బ్లూటూత్ ఆడియో సినిమా చూడటానికి సరిపోతుంది, ఎందుకంటే అక్కడ ప్లేయర్ బొమ్మను ఆపి శబ్దంతో కలుపుతుంది. వేలిని ఆపి శబ్దంతో కలిపే ప్లేయర్ లేదు.

ఆలస్యాన్ని ఊహతో కాకుండా కొలిచి చూపించడం నాకు అలవాటు. ఇయర్‌ఫోన్ ఒకటి ఫోన్ మైకుకు ఆనించి, ఫోన్‌ను కీలకు దగ్గరగా పెట్టి రికార్డ్ చేస్తే, వేలు కీని తాకిన టక్కుమనే చప్పుడు ఒకటి, తర్వాత వచ్చే నోటు ఒకటి తరంగంలో విడివిడిగా కనిపిస్తాయి. మధ్య దూరమే మొత్తం ఆలస్యం. బ్లూటూత్‌తో ఆ దూరం కంటికి కొట్టొచ్చినట్టు కనిపించింది. తీగ ఉన్న హెడ్‌ఫోన్ పెట్టగానే బాగా తగ్గింది. ఆలస్యం తక్కువగా ఉండేలా చేసిన ఏసియో ఆడియో డ్రైవర్‌కు మారాక ఇంకా తగ్గింది. బఫర్ 128కి దించితే లెక్క ప్రకారం 3 మిల్లీసెకన్ల లోపే, కానీ ఆ లాప్‌టాప్‌లో స్ట్రింగ్స్ వాయిద్యం వేస్తే చిటపటలు మొదలయ్యాయి. 256 దగ్గర, అంటే సుమారు 6 మిల్లీసెకన్ల దగ్గర, శబ్దం శుభ్రంగా ఉంది, ఆవిడ చేతికి తేడా తెలియలేదు. అక్కడే ఆగాం. ఇంకా తగ్గించాలన్న పట్టుదల అనవసరం. రికార్డింగ్ అయ్యాక మిక్సింగ్ సమయంలో మళ్లీ 1024కి పెంచుకోమన్నాను. అప్పుడు వాయించేదేమీ ఉండదు, కంప్యూటర్‌కు ఊపిరి ఆడుతుంది.

ఆలస్యంలో పైకి కనిపించని నష్టం ఒకటుంది. ఆవిడ పాత రికార్డింగులు తెరిచి చూస్తే నోట్లన్నీ తాళానికి ముందుగా పడి ఉన్నాయి, దాదాపు ఒకే మోతాదులో. చెవికి శబ్దం ఆలస్యంగా అందుతుంటే, మంచి లయజ్ఞానం ఉన్న చెయ్యి తనకు తెలియకుండానే ముందుగా నొక్కి దాన్ని సర్దుకుంటుంది. సాఫ్ట్‌వేర్ నొక్కిన క్షణాన్నే రాసుకుంటుంది. తన లయ చెడిందేమోనని ఆవిడ బాధపడ్డారు. లయ చెడలేదు, చెడి ఉంటే నోట్లు అటూ ఇటూ చెల్లాచెదురుగా పడేవి. ఒకే మోతాదులో ముందుకు జరగడమే ఆ చేతి నిలకడకు సాక్ష్యం. పాత ట్రాకుల్లో క్వాంటైజ్ వాడకుండా మొత్తం క్లిప్‌ను కొద్దిగా వెనక్కి జరిపాం. క్వాంటైజ్ చేస్తే ప్రతి నోటూ గీత మీదికి వెళ్లి కూర్చునేది, ఆవిడ వాయింపులోని సొగసు పోయేది. జరపడంతో ఆ సొగసు నిలిచింది, తాళమూ కుదిరింది.

ఆగని నోటు, వంగని స్వరం

పెడల్ గురించి క్లుప్తంగా. కొన్ని క్లిప్పుల తర్వాత నోట్లు ఆగకుండా మోగుతూ ఉండేవి. రికార్డైన సందేశాలను వరసగా చూపే ఈవెంట్ లిస్టు తెరిస్తే కంట్రోలర్ 64 విలువ 127 ఉంది, ఆ తర్వాత 0 లేదు. పెడల్ మీద కాలు తీయకముందే రికార్డింగ్ ఆపేశారు. చివర్లో 0 పెడితే సరిపోయింది. పెడల్ తిరగబడి పనిచేస్తే, అంటే తొక్కితే ఆగి వదిలితే మోగితే, అది వేరే సంగతి: కీబోర్డు స్విచ్ వేసేటప్పుడు పెడల్ మీద కాలు ఉంటే చాలా కీబోర్డులు దాని దిశను తిరగేసి గుర్తుపెట్టుకుంటాయి. కాలు తీసి మళ్లీ స్విచ్ వేస్తే కుదురుతుంది.

పిచ్ బెండ్ దగ్గర మాత్రం జాగ్రత్తగా పనిచేయాల్సి వచ్చింది. ఆవిడ వేణువు వాయిస్ మీద వీల్‌తో గమకాలు పలికిస్తారు. కీబోర్డు స్పీకర్లో ముచ్చటగా ఉన్న గమకం సాఫ్ట్‌వేర్ వేణువులో స్వరం దాటి ఎక్కడికో దూకుతోంది. సందేశంలో ఉన్నది వీల్ ఎంత తిరిగిందన్న అంకె మాత్రమే: 0 నుంచి 16,383 దాకా, మధ్యలో 8,192. ఆ తిప్పడం ఎన్ని అర్ధస్వరాలకు సమానమో నిర్ణయించేది శబ్దం పుట్టించే వాయిద్యం. కీబోర్డులో రేంజ్ 2 అర్ధస్వరాలు, సాఫ్ట్‌వేర్ వేణువులో 12. వీల్ సగం తిప్పితే కీబోర్డులో ఒక అర్ధస్వరం, అక్కడ ఆరు. సాఫ్ట్‌వేర్ వాయిద్యంలో రేంజ్‌ను 2కి మార్చాం. గమకం ఆవిడ చేతిలో ఎలా ఉందో అలాగే వచ్చింది. కొత్త వాయిద్యం తెరిచిన ప్రతిసారీ ముందు ఈ అంకె చూడాలని ఆవిడ కాగితం మీద పెద్దక్షరాలతో రాసుకున్నారు. మన సంగీతం వాయించేవాళ్లకు ఇది వెలాసిటీ కంటే ముఖ్యమైన సెట్టింగ్ అంటాను.

ఆడియో తీగ కలిపాక వచ్చిన హమ్

దిద్దిన మిడిని తిరిగి కీబోర్డుకు పంపి, కీబోర్డు సొంత వాయిస్‌తో పలికించి, ఆ శబ్దాన్ని ఆడియోగా రికార్డ్ చేయడం చివరి పని. దానికి కీబోర్డు హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (శబ్దాన్ని కంప్యూటర్‌లోకి తీసుకునే పెట్టెకు) తీగ వేశాం. వెంటనే సన్నని కీచుశబ్దం, అడుగున హమ్ అనే గుయ్‌మనే మోత వచ్చాయి. యూఎస్‌బి తీగ పీకేస్తే మాయం. లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపినా మాయం. గ్రౌండ్ లూప్ అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. యూఎస్‌బి తీగ, ఆడియో తీగ రెండూ కీబోర్డు గ్రౌండ్‌నూ కంప్యూటర్ గ్రౌండ్‌నూ కలుపుతాయి, ఆ చుట్టులో చార్జర్ చప్పుడు ఆడియోలోకి దిగుతుంది. పాత ఐదు పిన్నుల మిడిలో సందేశం ఆప్టో ఐసొలేటర్ ద్వారా, అంటే కాంతి రూపంలో దాటుతుంది. రెండు పరికరాల గ్రౌండ్లు కలవకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. యూఎస్‌బి మిడిలో అది మామూలుగా ఉండదు.

ఆడియో దారిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటర్ పెట్టాం, హమ్ పోయింది. అది అందేదాకా ఆ రికార్డింగ్ మాత్రం బ్యాటరీ మీద చేసుకున్నారు. హమ్ పోతుందని ప్లగ్ ఎర్త్ పిన్నును తీసేయమని కొందరు చెబుతారు. ప్రాణానికి రక్షణగా ఉన్న తీగ అది, దాన్ని ఎప్పుడూ ముట్టుకోకూడదు.

పాత కీబోర్డు

చివర్లో ఆవిడ తన పాత కీబోర్డు తెచ్చారు. యూఎస్‌బి లేదు, ఐదు పిన్నుల ఇన్, అవుట్ మాత్రమే ఉన్నాయి. అది కంప్యూటర్‌తో మాట్లాడగలదని ఆవిడ అనుకోలేదు. 1983లో సింథసైజర్ల తయారీదారు డేవ్ స్మిత్, రోలాండ్ సంస్థ స్థాపకుడు ఇకుతారో కకెహాషి వంటివాళ్లు పోటీ కంపెనీలను ఒక ప్రమాణం మీదికి తెచ్చిన ఫలితం ఇది: అప్పటి నోటు సందేశమే ఇప్పటికీ నడుస్తోంది. యూఎస్‌బి మిడి ఇంటర్‌ఫేస్ తీగ ఒకటి చాలు. ఆవిడ ఇన్ రాసిన ప్లగ్గును కీబోర్డు ఇన్‌లో, అవుట్ రాసిన దాన్ని అవుట్‌లో పెట్టారు, ఏమీ రాలేదు. కీబోర్డు అవుట్ నుంచి బయలుదేరిన సందేశం ఇంటర్‌ఫేస్ ఇన్‌లోకి చేరాలి, కాబట్టి అడ్డంగా కలపాలి. కొన్ని తీగల మీద రాసిన పేర్లు ఇంటర్‌ఫేస్ వైపు నుంచా, కీబోర్డు వైపు నుంచా అన్నది తేలదు. మార్చి పెట్టి చూడటమే, దాంతో ఏ హానీ ఉండదు. మార్చగానే మానిటర్‌లో వరసలు పడ్డాయి. ఈ కీబోర్డు ఎంత గట్టిగా నొక్కినా వెలాసిటీ 64 అనే పంపుతోంది, దాని కీలకు వేగం కొలిచే ఏర్పాటు లేదు. అందుకే దాన్ని ఆర్గన్, బేస్ వంటి వాయిద్యాలకు వాడుకుంటామన్నారు. మంచి నిర్ణయం.

ఇప్పుడున్న ఏర్పాటు

కీబోర్డు స్విచ్ ముందు, సాఫ్ట్‌వేర్ తర్వాత. ఎప్పుడూ అదే యూఎస్‌బి పోర్టు, ఎందుకంటే పోర్టు మారిస్తే విండోస్ ఒక్కోసారి దాన్ని కొత్త పరికరంగా లెక్కేస్తుంది, సాఫ్ట్‌వేర్ పాత పేరు కోసం చూస్తూ ఉంటుంది. యూఎస్‌బి విద్యుత్ పొదుపు సెట్టింగ్ ఆపేశాం. కీబోర్డులోని ఆటో పవర్ ఆఫ్ కూడా ఆపేశాం, లేకపోతే ఆలోచిస్తూ కూర్చున్నప్పుడు అది నిద్రపోయి, లేచాక సాఫ్ట్‌వేర్‌కు దొరకట్లేదు. మిడి ట్రాక్, ఇన్‌పుట్, 256 బఫర్, బెండ్ రేంజ్ సరిచేసిన వాయిద్యాలు అన్నీ ఉన్న ఒక టెంప్లేట్ సేవ్ చేసి ఉంది. తెరవగానే వాయించడమే.

ఒక పని మిగిలి ఉంది. కీబోర్డు స్టైల్‌ను, అంటే లయ వాయిద్యాలను కూడా చానెళ్ల వారీగా విడదీసి రికార్డ్ చేయాలని ఆవిడ కోరిక. డ్రమ్స్, బేస్, కార్డులు వేరువేరు చానెళ్ల మీద వస్తున్నాయని మానిటర్‌లో ఇప్పటికే చూశాం. దానికి కీబోర్డు క్లాక్, సాఫ్ట్‌వేర్ క్లాక్ రెండిట్లో ఒకటే నడిపించాలి, రెండోది వెంట నడవాలి. సాఫ్ట్‌వేర్‌ను ముందు నడిపించి, కీబోర్డును ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే) క్లాక్‌కు పెట్టి చూడాలని నిర్ణయించాం. తర్వాతి విడతలో మొదలయ్యే పని అదే.